మెల్లగా పో బిడ్డా అన్నాను, తాళం మాత్రం అడగలేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరైన వాణ్ణి. మాది కరీంనగర్ జిల్లా. పోయిన వారం మీ జిల్లా పేజీలో కింద మూలకు ఒక చిన్న వార్త వచ్చింది, నాలుగు లైన్లు ఉందేమో, బైక్ అదుపు తప్పి యువకుడి మృతి అని. అది చదివినప్పటి నుంచి రాయాలా వద్దా అనుకుంటూ ఇవాళ కూర్చున్నాను. ఉత్తరం పెద్దదైతే మీకు కావలసినంత కోసేయండి, నేనేం అనుకోను.

అదుపు తప్పింది బైకట. ఇన్నేళ్లు స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి, టైరు పేలితేనో బ్రేకు ఫెయిలైతేనో తప్ప దానంతట అది అదుపు తప్పిన బండిని నేను చూసింది చాలా తక్కువ. రాత్రి పన్నెండున్నరకు, వాన లేదు, ఎదురుగా బండి లేదు, ఖాళీ రోడ్డు మీద ఇరవై రెండేళ్ల పిల్లవాడు పోయి కల్వర్టును గుద్దుకున్నాడంటే ఏం జరిగి ఉంటుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు, మీ విలేకరికీ తెలిసే ఉంటుంది. రాయరు. ఎందుకు రాయరో కూడా నాకు తెలుసు. చచ్చిపోయిన పిల్లవాడి మీద మచ్చ ఎందుకని ఒకటి, ఇన్సూరెన్స్ పోతుందని ఇంకొకటి. బండి ఇన్సూరెన్స్‌తో పాటు నడిపే ఓనర్‌కు 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది కదా, తాగి నడిపినట్టు తేలితే అది రాదు. ఇంటివాళ్లు చేతులు పట్టుకుంటారు, రాసేవాళ్లు అదుపు తప్పి అని రాస్తారు. నేను తప్పు పట్టడం లేదు, నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ అలా రాసీ రాసీ మన పిల్లలు తాగి బండ్ల మీద చస్తున్నారన్న మాటే కాగితం మీద లేకుండా పోయింది. ప్రభుత్వ లెక్కల్లో కూడా రోడ్డు చావుల్లో ఎక్కువ భాగం అతివేగం అనే గడిలో పడతాయి. ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గడిలో ఉండదు. దేశం మొత్తం మీద 2022లో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖే లెక్క చెప్పింది, అందులో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల వాళ్లే, అంటే సంపాదించే వయసు, పిల్లల్ని కనే వయసు.

నాకు ఈ విషయం మాట్లాడే అర్హత ఉందని అనుకున్న రోజులున్నాయి. ఎందుకంటే మా డిపోలో పొద్దున డ్యూటీ ఎక్కేముందు మాకు పైపు ఊదిస్తారు. రాత్రి పోలీసులు రోడ్డు మీద పెట్టే మిషన్ లాంటిదే. ఊదాలి, రీడింగ్ రిజిస్టర్‌లో రాయాలి, సంతకం పెట్టాలి, ఆ తర్వాతే బస్సు. ఏమైనా చూపించిందంటే ఆ రోజు డ్యూటీ లేదు, పైగా విచారణ. ఒకసారి నాకు జలుబు చేసి ఇంటి దగ్గర దగ్గు మందు తాగి వెళ్తే మిషన్ కూసింది. నలుగురి ముందు నా మొహం ఎలా మాడిపోయిందో నాకింకా గుర్తుంది. నోరు కడిగించి అరగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు, అప్పుడు సున్నా వచ్చింది. ఆ అరగంట అవమానంగానే అనిపించింది కానీ యాభై మందిని వెనక ఎక్కించుకునే మనిషిని అలా ఆపడం న్యాయమే అని రూట్‌లోకి వెళ్లాక అనిపించింది. అందుకే మా దగ్గర తాగి బండెక్కడం అనేది పెద్ద నేరంగా మనసులో పడిపోయింది. రోడ్డు మీద తూలుతూ పోయే పిల్లల్ని చూస్తే డిప్పర్ కొట్టి తిట్టుకుంటూ పోయేవాణ్ణి, వీళ్లకు తల్లిదండ్రులు లేరా అని.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. కొన్నేళ్ల కింద మా చెల్లె చిన్నకొడుకు పెళ్లి అయింది. నేను మేనమామను. మా వైపు పెళ్లికొడుకు దోస్తులకు విడిగా దావత్ ఇవ్వడం మామూలే, ఇవ్వకపోతే మాట పడాల్సి వస్తుంది. ఆ ఏర్పాటు నా మీద పెట్టారు, నేను సంతోషంగానే తీసుకున్నాను. వైన్స్‌కు పోయి ఫుల్ బాటిళ్లు, స్ట్రాంగ్ బీరు కేసులు నా చేత్తోనే ఆటోలో ఎక్కించాను. ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డు కింద కుర్చీలు వేయించి, చికెన్ ఫ్రై ఒక బేసిన్ నిండా పెట్టించి, పిల్లలూ కూర్చోండ్రా అన్నది నేనే. పదిహేను మంది దాకా ఉన్నారు. అందరూ ఇరవై, ఇరవై మూడు ఏళ్ల వాళ్లు. మన రాష్ట్రంలో ఎవరికైనా మద్యం అమ్మాలన్నా వాళ్లకు 21 నిండాలి, అందులో నిండనివాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండే ఉంటారు, నేను అడగలేదు.

వాళ్లలో ఒకడు నాకు బాగా నచ్చినవాడు. పేరు రాయను. డిగ్రీ అయిపోయి కానిస్టేబుల్ ఉద్యోగానికి పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీస్ చేసేవాడు. ఆ రాత్రి అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటే వాడొక్కడే కుర్చీలు పేర్చాడు, మిగిలిన అన్నం గిన్నెలు ఆటోలో ఎక్కించాడు, మా చెల్లెకు మందుబిళ్ల వేసుకున్నావా అత్తమ్మా అని గుర్తు చేశాడు. తాగాడు కూడా. ఒక బీరు, దాని మీద ఒక క్వార్టర్ దాకా. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువగా ఉందనగా జేబులోంచి తాళం తీశాడు. నేను అక్కడే టెంటువాడికి లెక్క చూస్తున్నాను. తాళం పెట్టబోతే మొదటిసారి దూరలేదు, పక్కకు జారింది. వాడు నవ్వాడు. రెండోసారి పెట్టాడు. నేను చూశాను సార్. వేల మంది చేతులు స్టీరింగ్ మీదా గేర్ రాడ్ మీదా చూసినవాణ్ణి, ఆ చెయ్యి ఏం చెప్తోందో నాకు అర్థమైంది. నేను అన్న మాట ఏంటో తెలుసా? మెల్లగా పో బిడ్డా. అంతే. వాడు, నువ్వు టెన్షన్ పడకు మామా, ఆరు కిలోమీటర్లే కదా అన్నాడు.

వెనకాల ఇంకో పిల్లవాడు ఎక్కాడు. ఆ రెండోవాడు చుక్క ముట్టనివాడు, ఇంట్లో మొక్కు ఏదో ఉందని ఆ రాత్రి కూల్‌డ్రింక్‌తోనే కూర్చున్నాడు. బండి నడపడం వచ్చు, లైసెన్స్ ఉంది. తాగనివాడు వెనక, తాగినవాడు ముందు. ఎందుకు? బండి వాడిది కాబట్టి. తర్వాత కాలులో రాడ్ వేయించుకుని మంచం మీద ఉన్నప్పుడు నేను చూడబోతే ఆ పిల్లవాడే చెప్పాడు, నేను నడుపుతా తాళం ఇవ్వరా అందామనుకున్నా మామా, కానీ ఫీలవుతాడని అడగలేదు అని.

ఊరు రెండు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు పక్కన వడ్ల ట్రాలీ ఆగి ఉంది, వెనక రిఫ్లెక్టర్ లేదు, లైటు లేదు, ఒక రాయి అడ్డం పెట్టి వదిలేశారు. దాని తప్పు దానికుంది. కానీ అదే ట్రాలీని ఆ రాత్రి ఎన్ని బండ్లు చూసి తప్పించుకుని పోయాయో కదా. గుద్దుకున్నాక ఇద్దరూ చాలాసేపు రోడ్డు మీదే ఉన్నారు. రెండోవాడు స్పృహ తప్పాడు. ఒకరిద్దరు ఆగి చూశారట, వాసన చూసి తాగి పడిపోయారు అనుకుని వెళ్లిపోయారట. సాయం చేసినవాళ్లను పోలీసులు ఇబ్బంది పెట్టకూడదని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది, 2019 సవరణతో చట్టంలోనే పెట్టారు, 108కు ఫోన్ చేసినవాణ్ణి పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. కానీ ఆ వాసన ఉందే, అది మనుషుల్లో జాలిని చంపేస్తుంది. పాలవాడు తెల్లవారుజామున చూసి ఫోన్ చేస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ముందు కూర్చున్నవాడు దారిలోనే పోయాడు.

పదో రోజు కర్మకు వెళ్తే వాళ్లమ్మ నన్ను పట్టుకుని, మీ ఇంట్లో పెళ్లికి వచ్చి ఎంత సంతోషంగా ఫోన్ చేశాడో అన్నా అని ఏడ్చింది. మందు తెచ్చింది నేనే అని ఆమెకు తెలుసు, ఒక్క మాట అనలేదు. తాళం దూరకపోవడం నేను చూశానన్నది మాత్రం ఆమెకు తెలియదు. ఇన్నాళ్లకు మీకు రాస్తున్నాను. నా పేరూ ఊరూ రాయకపోవడానికి కారణం అదే, పిరికితనం అనుకున్నా సరే.

అప్పటి నుంచి నేను ఈ మెల్లగా పో అనే మాట ఎక్కడెక్కడ వినిపిస్తుందో గమనిస్తున్నాను. ప్రతి దావత్ దగ్గరా ఉంటుంది. మెల్లగా పోండ్రా, ఇంటికి పోయాక ఫోన్ చేయండి, హెల్మెట్ పెట్టుకోరా. అన్నీ ప్రేమగా అనే మాటలే. ఒక్కరూ తాళం ఇటివ్వు అనరు. బండి తాళం అడగడం అంటే మన మగపిల్లల్లో ఇజ్జత్ తీసినట్టు. నాకు ఎక్కలేదురా అని వాడంటాడు, వాడికి ఎక్కదురా అని పక్కవాడు మెచ్చుకోలుగా అంటాడు, ఎంత తాగినా నిలబడి నడుపుతాడని ఆ బ్యాచ్‌లో వాడికో పేరు కూడా ఉంటుంది. ఇన్నిసార్లు తాగి నడిపాను ఏం కాలేదు అనేది వాళ్ల పెద్ద ఆధారం. మా డిపోలో అరిగిపోయిన టైరుతో నెలరోజులు తిప్పిన బస్సులు కూడా ఉండేవి, ఏం కాలేదు, ముప్పై ఒకటో రోజు పేలింది.

ఎక్కలేదు అనేదాని గురించి కాస్త చెప్తాను, ఎందుకంటే పిల్లలకు ఈ లెక్క ఎవరూ చెప్పడం లేదు. మా అల్లుడు ఫార్మసీ చదివాడు, కూర్చోబెట్టి కాగితం మీద వేసి చూపించాడు. చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో ఆల్కహాల్ 40 గ్రాముల దాకా ఉంటుంది, అరవై కిలోల పిల్లవాడు అది ఒక్కటి తాగితే రక్తంలో 80, 90 దాకా పోతుంది. క్వార్టర్ విస్కీలో అయితే 60 గ్రాములు, అది నూట ఇరవై దాటిస్తుంది. మనిషిని బట్టి, తిన్న తిండిని బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే బీరే కదా అనే ఆ ఒక్క బీరుకే హద్దుకు దాదాపు మూడింతలు అవుతోంది. ఇంక దిగడం సంగతి. గంటకు దాదాపు 15 చొప్పున దిగుతుందట, లివర్ తన పని తాను చేసుకుంటూ పోతుంది తప్ప నిమ్మకాయ పిండుకున్నా, మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, వాంతి చేసుకున్నా దాని వేగం పెరగదు. రాత్రి ఒంటిగంట దాకా గట్టిగా తాగి ఏడింటికి స్నానం చేసి బొట్టు పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరినవాడు కూడా చట్టం లెక్కలో తాగి నడుపుతున్నట్టే. మా డిపోలో పొద్దున ఊదించినప్పుడు పట్టుబడ్డవాళ్లు చాలామంది ఆ పొద్దున తాగినవాళ్లు కాదు, రాత్రివాళ్లే. అప్పుడు అబద్ధం చెప్తున్నారనుకునేవాళ్లం పాపం.

అరవై స్పీడులో పోతే సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. కన్ను చూసి కాలు బ్రేకు మీద పడటానికి ఒక్క సెకను ఎక్కువ పట్టిందంటే అప్పటికే ఒక బస్సు పొడవు దాటి పోయి ఉంటాం. కారువాడికి చుట్టూ డబ్బా ఉంటుంది, బైకువాడికి వాడి మోకాళ్లే బంపరు. పైగా రెండు చక్రాల బండిని నిలబెట్టేదే మన బ్యాలెన్స్, తాగితే ముందు పోయేదీ అదే.

తాగినవాడు తనొక్కడే పోతాడన్న లెక్కా లేదు. 2016 జులై 1న హైదరాబాద్ పంజాగుట్టలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బీటెక్ పిల్లలు తాగి కారు నడిపితే అది డివైడర్ దాటి అవతలి నుంచి వచ్చే కారు మీద పడింది. స్కూలు నుంచి ఇంటికి వస్తున్న చిన్న పాప, ఆమె బాబాయి, తాత. బాబాయి అక్కడే పోయాడు, పాప కొన్ని రోజులు కోమాలో ఉండి పోయింది, తాత కూడా దక్కలేదు. అది జరిగింది పగటిపూట. మనం డ్రంక్ అండ్ డ్రైవ్ అంటే శనివారం రాత్రి పదిన్నర తర్వాత జూబ్లీహిల్స్‌లో జరిగేది అనుకుంటాం.

ఇంక 2025 అక్టోబర్ 24. కర్నూలు దగ్గర చిన్నటేకూరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు నిద్రలోనే కాలిపోయారు. ఆ జాతీయ రహదారి ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి కాబట్టి ఆ వార్త వచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు. అంతకు కాసేపటి ముందే ఒక కుర్రవాడు బైక్ మీద డివైడర్‌ను గుద్దుకుని చనిపోయాడు, బండి రోడ్డు మీదే పడి ఉంది, బస్సు దాని మీదికెక్కి ఈడ్చుకుపోతే మంటలు లేచాయి. ఆ కుర్రవాడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. బస్సువాళ్ల తప్పులు లేవని నేను అనను, ఒక డ్రైవర్‌గా నాకు చాలా అనుమానాలున్నాయి, ఏదో తగిలిందనిపించాక ఆపకుండా ఎందుకు పోవాలి అసలు. కానీ అర్ధరాత్రి దాటాక నల్ల రోడ్డు మీద పడుకుని ఉన్న నల్ల బండి డిమ్ లైటులో కనపడేసరికి ఎనభై స్పీడులో ఉన్న బస్సు ఆగదు, అది ఏ డ్రైవర్‌ను అడిగినా చెప్తాడు. ఆ పిల్లవాడు అంతకుముందు పెట్రోల్ బంకుకు వచ్చిన సీసీ కెమెరా వీడియో మనమందరం ఫోన్లలో చూశాం. బండి తిప్పే తీరు చూస్తేనే తెలిసిపోతోంది. నేను ఆ వీడియోను చాలాసార్లు చూశాను. నాకు అందులో తాళం దూరని ఆ చెయ్యే కనపడింది.

దాని తర్వాత హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ గారు తాగి నడిపేవాళ్లు ఉగ్రవాదులే అన్నారు. ఆయన కోపం నాకు అర్థమైంది, కాలిపోయిన బస్సును చూశాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఆ మాటతో నాకు ఒక చిక్కు ఉంది. ఉగ్రవాది అనగానే మన పిల్లలకు, మనకు, ఎవడో గడ్డం పెంచుకున్న పరాయివాడు గుర్తొస్తాడు. మన ఇంట్లో కుర్చీలు పేర్చినవాడు గుర్తు రాడు. అత్తమ్మా మందుబిళ్ల వేసుకున్నావా అన్నవాడు గుర్తు రాడు. నేను చూసినంతలో ఇలా పోయినవాళ్లలో చెడ్డపిల్లలు తక్కువ. అందుకే మనం తాళం అడగం, మంచివాడే కదా అని.

చట్టం గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, రెండూ కలిపీ వేయొచ్చు. రెండోసారికి 15,000, రెండేళ్ల దాకా. ఇంట్లో పదహారేళ్ల వాడికి బండి ఇచ్చి పంపితే తండ్రికో ఓనర్‌కో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. 2024 మేలో పుణేలో పదిహేడేళ్ల వాడు కారుతో ఇద్దర్ని చంపితే మొదట 300 పదాల వ్యాసం రాయమన్నారు, ఆ ముచ్చట వేరే. జిల్లాల్లో తనిఖీలు జరుగుతున్నాయి, కాదనను. కానీ పిల్లలు మనకంటే తెలివైనవాళ్లు. ఫలానా చౌరస్తాలో ఊదిస్తున్నారు అని వాట్సాప్‌లో మెసేజ్ పడుతుంది, అందరూ బైపాస్ వదిలేసి ఊళ్ల లోపలి రోడ్డు పట్టుకుంటారు. ఆ రోడ్డుకు లైట్లుండవు, అంచున తెల్లగీత ఉండదు, వడ్ల ట్రాలీలు అక్కడే ఆగుతాయి. మా పిల్లవాడు పోయిన రోడ్డు కూడా అదే. మెయిన్ రోడ్డు మీద పోలీసులున్నారని ఆ రాత్రి హాలు దగ్గర ఎవరో అన్నారు కూడా.

ఇంకొకటి. హైదరాబాద్‌లో అయితే ఫోన్ తీసి క్యాబ్ పిలుచుకుంటారు. మా దగ్గర రాత్రి పదకొండు దాటితే ఆటో దొరకదు, ఊళ్లకు ఆఖరి బస్సు తొమ్మిదికో తొమ్మిదిన్నరకో వెళ్లిపోతుంది, ఆ ట్రిప్పులు కొట్టినవాణ్ణి నేను. ఫంక్షన్ హాళ్లేమో అన్నీ ఊరి బయట బైపాస్ పక్కన కట్టారు. బార్ల ముందు విశాలమైన పార్కింగ్ కలదు అని బోర్డు. అంటే బండి మీద రండి, తాగండి, బండి మీద పొండి అని రాసిపెట్టినట్టే కదా. హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అన్నది, తర్వాత ఊళ్లకు, మున్సిపాలిటీలకు సడలింపులు వచ్చాయి, మిగిలినదాన్ని బెల్టు షాపులు పూర్తి చేశాయి. రాష్ట్రంలో 2,620 వైన్ షాపులు, 2025లో వాటికి దరఖాస్తు పెట్టుకోవడానికే తిరిగిరాని 3 లక్షలు ఫీజు. అంత సంపాదన వచ్చేచోట శుక్రవారం, శనివారం, పెళ్లి ముహూర్తాల రోజుల్లో రాత్రి పన్నెండుకు ఒక బస్సు హాళ్ల మీదుగా తిప్పితే డీజిల్‌కు ఎంతవుతుంది?

మద్యం బంద్ చేయమని నేను రాయడం లేదు, నేనూ పండక్కి ఇంట్లో రెండు పెగ్గులు వేసుకునేవాణ్ణే. 1995లో ఉమ్మడి రాష్ట్రంలో బంద్ చేశారు, 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్లు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే బస్సుల్లో సీట్ల కింద, కూరగాయల బస్తాల్లో, పసిపిల్లల గుడ్డల సంచిలో కూడా సీసాలు వచ్చేవి. తాగేవాడు తాగుతాడు. నేను అడిగేది తాళం గురించి.

మీ పేపర్‌కు నా విన్నపం ఒక్కటే, ఇంటివాళ్లు వద్దంటే పేరు వేయకండి, ఊరు వేయకండి, కానీ పోలీసులు తాగినట్టు తేల్చిన చోట ఆ మాట రాయండి. నెలకోసారి మన జిల్లాలో ఎంతమంది అలా పోయారో ఒక అంకె వేయండి చాలు.

ఈ మాఘంలో మా తమ్ముడి కూతురి పెళ్లి అయింది. ఈసారి దావత్ నాకు వద్దన్నాను, వినలేదు, సరే అయితే నా పద్ధతిలో అని చెప్పాను. ఒక బస్సు అద్దెకు మాట్లాడాను. షెడ్డు ముందు స్టూలు వేసుకుని పక్కన ఇత్తడి బిందె పెట్టుకుని కూర్చున్నాను. తాళం బిందెలో వేస్తేనే గ్లాసు. మొదట అందరూ నవ్వారు, వీడియోలు తీశారు, మామ టోల్ గేట్ పెట్టాడు అన్నారు. పదకొండు తాళాలు పడ్డాయి. రాత్రి పన్నెండుకు బస్సు ఎక్కమంటే మాత్రం ఒకడు అడ్డం తిరిగాడు. కొత్త బండి, ఇంకా వాయిదాలు కడుతున్నాడు, దాన్ని అక్కడ వదిలేసి పోవడానికి వాడికి మనసు రాలేదు. నువ్వెవరు నా తాళం పెట్టుకోవడానికి అన్నాడు, అందరి ముందే. మా తమ్ముడు కూడా ఇచ్చేయన్నా, పిల్లవాడు ఫీలవుతున్నాడు అన్నాడు. నేను బిందె ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. చివరికి వాడు బస్సు కూడా ఎక్కకుండా హాల్లోనే రెండు కుర్చీలు కలుపుకుని పడుకున్నాడు.

పొద్దున ఏడింటికి లేచి వచ్చి చెయ్యి చాపాడు. మా అల్లుడి లెక్క గుర్తొచ్చి అప్పుడు కూడా ఇవ్వలేదు. టిఫిన్ పెట్టించి, చాయ్ తాగించి, పది దాకా కూర్చోబెట్టాను. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. పదింటికి తాళం తీసుకుని, నాతో ఒక్క మాట మాట్లాడకుండా బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. తాళం మొదటిసారికే దూరింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
కరీంనగర్ జిల్లా